యాదగిరి ఇంటి మీది గుండు

నాతోపాటు రిటైరైనవాళ్ళలో ఒకాయన కాశీ వెళ్ళొచ్చాడు. ఇంకొకాయన బదరీ వెళ్ళి జలుబుతో తిరిగొచ్చాడు. సాయంత్రం పార్కు బెంచీ మీద వాళ్ళు గంగనీటి చల్లదనం గురించి చెబుతుంటే ఉండబట్టలేక నేనూ ఒక యాత్ర చేసి వచ్చానన్నాను. ఎక్కడికని అడిగారు. బహదూర్‌పురా అవతలికి అన్నాను. మా మలక్‌పేట నుంచి ఆటోలో అక్కడికి పోతే దారిలో ఒక కునుకు తీయడానికి కూడా వ్యవధి చాలదు. మర్యాదస్థులు కనుక నవ్వలేదు. కాశీ ఆయన మాత్రం "సామాను ఎక్కువ తీసుకెళ్ళారా?" అని అడిగాడు.

ఎక్కువే తీసుకెళ్ళాను. కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, గొడుగు, మజ్జిగ సీసా, డైరీ. పోయింది రాళ్ళను ఫొటో తీయడానికి. అదీ బ్లాక్ అండ్ వైట్‌లో.

మాది గుడివాడ దగ్గర పల్లె. అక్కడ పొలంలో ఎంత తవ్వినా రాయి తగలదు. మాకు రాయంటే వంటింట్లో రుబ్బురోలు. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చిన కొత్తలో, ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డ ఇక్కడి బండల్ని చూసి, వీటిని ఎవరు పేర్చారని మా ఆఫీసు అటెండరును అడిగాను. అతను నన్ను జాలిగా చూసి "దేవుడు సార్. అప్పట్ల ఖాళీగ ఉండె గదా" అన్నాడు. ఆ తర్వాత ఉద్యోగమంతా ఆ బండల్ని బస్సు కిటికీలోంచే చూశాను. రిటైరయ్యేసరికి వాటిలో సగం కంకరై ఎవరెవరి మేడల్లోనో కలిసిపోయాయి. మిగిలినవాటినైనా ఫొటోల్లో దాచాలని నా కోరిక. రాయికి రంగుతో పని లేదు, వెలుగూ నీడా చాలు అని ఏదో పత్రికలో చదివి, అది నా సొంత అభిప్రాయమేనని నమ్మడం మొదలుపెట్టాను.

"రాళ్ళు చూడ్డానికి బస్సెక్కి పోవాలా? పొద్దున్నే ఈ చేట ముందు కూర్చోండి, బియ్యంలో కావలసినన్ని" అంది మా ఆవిడ.

బ్లాక్ అండ్ వైట్‌ని ఆవిడ తక్కువ చేయడం న్యాయం కాదు. మా పెళ్ళి కుదిరిందే ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో మీద. గుడివాడ స్టూడియోలో అద్దె కోటు వేసుకుని, పూలకుండీ పక్కన నిలబడి తీయించుకున్నాను. అది చూసి వాళ్ళ నాన్నగారు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఈ సంగతి గుర్తు చేస్తే ఆవిడ చేట మరింత గట్టిగా చెరిగింది.

అఫ్జల్‌గంజ్

మలక్‌పేటా పాతబస్తీ మూసీకి ఒకే ఒడ్డున ఉన్నాయి. నేను మాత్రం ఫిల్ము రోలు కోసం చాదర్‌ఘాట్ వంతెన మీద అవతలికి పోయి అఫ్జల్‌గంజ్ చేరి, మళ్ళీ నయాపూల్ మీద ఇవతలికి వచ్చాను. 'నదిని రెండుసార్లు దాటితిని' అని డైరీలో రాసుకున్నాను. నది అన్నది కూడా మర్యాదకే.

అక్కడ ఒక సేఠ్‌గారి దుకాణం ఉంది. తాతల కాలం నుంచి గడియారాలు, కళ్ళజోళ్ళు, కెమెరా సామాను అమ్ముతారు. బ్లాక్ అండ్ వైట్ రోలు కావాలనగానే ఆయన ముఖం గంభీరమైంది.

"ఎవరన్నా పోయిండ్రా సారూ?"

"లేదండీ. రాళ్ళ ఫొటోలు తీద్దామని."

"రాళ్ళకా?" సేఠ్ కాసేపు ఆలోచించాడు. "రాళ్ళేం పాపం జేసినయి, కలర్ల దియ్యొచ్చు గదా."

"నీడలు బాగా వస్తాయండీ ఇందులో."

"నీడల కోసం గింత ఎండల వచ్చిండ్రా. కూసోండ్రి, చాయ్ తాగుండ్రి."

మా వైపు షావుకారు సరుకు కొన్నాక సోడా తెప్పిస్తాడు. ఇక్కడ కొనకముందే చాయ్ వస్తుంది. అది తాగాక కొనకుండా లేవడానికి చాలా ధైర్యం కావాలి. రోలు మీది దుమ్ము సేఠ్ నోటితో ఊదాడు. డెబ్బై రూపాయలన్నాడు. నేను డబ్బు తీస్తుండగానే సొరుగులోంచి ఇంకో వస్తువు తీశాడు, గుండ్రటి ఎర్ర అద్దం.

"ఇది లెన్సుకు ముంగట బిగిస్తే నీలం ఆకాశం నల్లగ వస్తది. తెల్ల మబ్బు రెండు తునకలున్నా ఉరుము ఉరిమినట్టే కొడ్తది. మస్తుంటది సారూ, నీడల మనిషి గదా మీరు."

నీడల మనిషి అన్నాక ఇంక కొనకుండా ఎలా ఉంటాను?

జుమ్మేరాత్ బజార్

ఆ రోజు గురువారం. గురువారం పూట పాతబస్తీలో పాత సామాన్ల సంత జరుగుతుంది. నల్లాలు, రేడియోలు, జత లేని బూట్లు, ఎవరి ఇంటివో తలుపు గొళ్ళాలు నేల మీద పరిచి అమ్ముతారు. ఒక టార్పాలిన్ మీద మాంసం నరికే కత్తికీ ఇస్త్రీపెట్టెకీ మధ్యన నా మోచేయంత పొడుగున్న లెన్సు కనబడింది. నా కెమెరాకి సరిగ్గా సరిపోయింది. కన్ను పెట్టి చూస్తే, మూసీ అవతలి ఒడ్డున పళ్ళు తోముకుంటున్న మనిషి ఉన్నట్టుండి నా ముఖం మీద ఉమ్మబోతున్నట్టు కనిపించాడు. నేను వెనక్కి తగ్గాను కూడా.

అమ్మేవాడు ఎనిమిది వందలన్నాడు. ఆఫీసులో ఎన్నో టెండర్లు చూసినవాణ్ణి కనుక ఇలాంటి చోట ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. నిర్లక్ష్యంగా నాలుగు వందలన్నాను. "లేజావ్ సాబ్" అని వెంటనే చేతిలో పెట్టేశాడు. పైగా అడగకుండానే తోలు సంచీ కూడా ఇచ్చాడు. ఎంత ఎక్కువ ఇచ్చానో ఆ సంచీ చూశాకే అర్థమైంది.

బహదూర్‌పురా

మర్నాడు బహదూర్‌పురా చౌరస్తాలో బస్సు దిగి ఒక హోటల్లో చాయ్ తాగాను. మా ఇంట్లో కాఫీని గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగబోసి చల్లారుస్తాం. ఇక్కడ సాసర్లో పోసి ఊదుకుంటారు. మూడు రూపాయల చాయ్‌లో రూపాయి బిస్కెట్టు ముంచాను. సగం లోపలే ఉండిపోయింది. పక్క బల్ల పెద్దమనిషి తన చెంచా తుడిచి నాకిచ్చాడు. ఇలాంటి ప్రమాదాలు ఆయన రోజూ చూస్తున్నట్టుంది.

బయట ఖాజా మియా అనే ఆటో డ్రైవరు దొరికాడు. నలభై దాటిన మనిషి, నోట్లో పాన్, మాటలో సగం ఉర్దూ సగం తెలుగు. మంచి రాళ్ళున్న చోటికి తీసుకుపొమ్మన్నాను.

"మంచి రాళ్ళు? నాకెర్కే సాబ్, బైఠో."

రెండు సందులు తిప్పి ఒక రేకుల షెడ్డు ముందు దించాడు. లోపల ఇద్దరు మనుషులు పాలరాతి పలకల మీద అక్షరాలు చెక్కుతున్నారు. సమాధుల మీద పెట్టే పలకలు. వాళ్ళలో పెద్దవాడు నా తెల్ల జుట్టు చూసి లేచి నిలబడి "ఎవరికి సాబ్?" అని మెల్లగా అడిగాడు. నా మనసు ఇంకా ఫొటోల మీదే ఉంది. "ఎవరికీ కాదు, నాకోసమే" అన్నాను. అతను ఉలి కింద పెట్టి నాకు కుర్చీ వేశాడు. అంత గౌరవం నాకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దొరకలేదు.

తిరిగి ఆటోలో కూర్చున్నాక, చెక్కిన రాళ్ళు కాదు, గుట్టల మీద నిలబడ్డ పెద్ద బండలు కావాలని వివరించాను. ఖాజా మియా వెనక్కి తిరిగి నన్నొకసారి చూశాడు. "గుండ్లా? వాటికి ఆటో ఎందుకు సాబ్, యాడ జూసినా అవే ఉన్నయ్ గదా" అన్నాడు. కానీ ఆటో తిప్పాడు.

గుట్ట కింద ఇల్లు

మీర్ ఆలం చెరువు వెనక వైపు, ఇళ్ళు పలచబడ్డ చోట ఒక గుట్ట ఉంది. దాని మీద ఒక పెద్ద గుండు, ఆ గుండు నెత్తిన ఇంకో గుండు. పైది కింది దాన్ని పట్టుకున్నట్టు లేదు, ఊరికే ఆనుకుని సేద తీరుతున్నట్టుంది. గుట్టకి ఇవతల వెడల్పాటి మైదానం, మధ్యలో ఒక నాలా, నాలా దాటాక ఒక పెంకుటిల్లు, కొట్టంలో బర్రెలు.

స్టాండు వేసి మామూలు లెన్సుతో చూశాను. ఇంత గుండూ ప్లేటులో పెట్టిన ఇడ్లీలా కనబడింది. ఎటు జరిగి చూసినా ఇడ్లీయే. ఇలా అవస్థ పడుతుంటే బర్రెల్ని తోలుకుంటూ ఇంటాయన వచ్చాడు. పేరు యాదగిరి.

"ఏం జూస్తుండ్రు సారు? జాగ గిట్ల కొంటరా?"

"జాగా కాదు. గుండు ఫొటో తీద్దామని."

"తీస్కోండ్రి. గుండు నాది గాదు, బర్రెలే నాయి."

అతని భార్య లక్ష్మమ్మ నన్ను ఎండలో నిలబడనివ్వలేదు. అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. మేము ప్రాణం పెట్టే గోంగూరే ఇది. మేము అన్నంలో నూనె పోసుకుని కలుపుతాం, వీళ్ళు రొట్టెలో నంజుకుంటారు. మాదే బాగుంటుందని చెప్పబోయి మూడో రొట్టె అందుకున్నాను.

మాటల్లో ఇంటి సంగతి తెలిసింది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు శీను మోటారు వర్క్‌షాపులో పని చేస్తాడు. తాండూరులో ఒక సంబంధం నడుస్తోంది. పిల్ల తండ్రి వచ్చి శీనును చూసి మెచ్చుకుని పోయాడు. ఇక మిగిలింది పిల్ల నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె ఊ అనకుండా ఏదీ కదలదు. మోకాళ్ళ నొప్పులతో ఆమె ప్రయాణం చేయలేదు కనుక, ఇల్లూ ఇంటిల్లిపాదీ కనిపించేట్టు ఒక ఫొటో పంపమని అడిగారు.

"పోరడు వారం సంది అద్దం ముంగట్నే నిలబడ్తుండు" అన్నాడు యాదగిరి. "పిల్లను చుట్టాల పెండ్లిల జూసిండంట. మాకు జెప్పలే, బర్రెలకు చెప్పుకుంటుండు."

కొట్టంలోంచి "నాయినా" అని ఒక కోపపు గొంతు వినిపించింది.

"స్టూడియో ఎందుకు? నేను తీస్తాను" అన్నాను. ఎవరూ అడగలేదు. రొట్టెలు తిన్న నోరు అలాగే అంటుంది.

చెరువుకట్ట

వాళ్ళు అడిగింది ఇల్లూ మనుషులూ. నాకు కావలసింది గుండు. రెండూ ఒకే ఫొటోలో తెచ్చే ఉపాయం నా పొడుగు లెన్సులో ఉంది. దాంతో తీయాలంటే బాగా వెనక్కి పోవాలి. పోయి పోయి చెరువుకట్ట ఎక్కాను. అక్కడి నుంచి చూస్తే ఆ లెన్సు మధ్యనున్న దూరమంతా మింగేసింది. నాలా లేదు, మైదానం లేదు. పెంకుటిల్లు, సరిగ్గా దాని నెత్తిన కొండంత గుండు. ఎర్ర అద్దం బిగించాను. ఆకాశంలో దూదిపింజల్లాంటి మబ్బులు రెండున్నాయి. ఇంత మంచి దృశ్యం నా జన్మలో చూడలేదనుకున్నాను.

ఇంటి ముందు ముగ్గురూ ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడ్డారు. నా కేకలు వాళ్ళకి వినబడవు. ఖాజా మియా అటూ ఇటూ ఆటో తిప్పుతూ నా మాటలు అందించాడు.

"సాబ్ జర కుడిదిక్కు జరగమంటుండు." మళ్ళీ వచ్చి, "లక్ష్మమ్మ అడుగుతుంది, చీర ఎర్రది కట్టుకున్న, మంచిగ పడ్తదా అని."

ఎర్ర అద్దంలోంచి ఎరుపు తెల్లగా పడుతుందని చెప్పలేకపోయాను. "బాగా పడుతుందను. ముగ్గురినీ నవ్వమను."

"ముగ్గురూ హసో" అని కేక వేస్తూ పోయాడు. నవ్వారు. తీశాను.

మా బాత్‌రూము

రోలు కడిగి ఫొటో వేయడం నాకు కొద్దిగా వచ్చు. పట్టపగలు బాత్‌రూము కిటికీకి నల్ల గుడ్డ కట్టి లోపల చేరాను. "ఇంకెంతసేపండీ, బకెట్టు లోపలే ఉండిపోయింది" అని మా ఆవిడ తలుపు కొడుతూనే ఉంది. కాగితం మీద ఆ ఇల్లూ గుండూ మెల్లగా తేలుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆకాశం కాటుకలా వచ్చింది. మబ్బులు రెండూ నిప్పులు కక్కుతున్నాయి. పెద్ద సైజులో వేసి, నల్ల చట్రం కట్టించి, ముందుగా మా ఆవిడకి చూపించాను. చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, వీళ్ళక్కడ ఎలా పడుకుంటున్నారండీ?"

ఆ రోజు డైరీలో 'మెచ్చుకున్నది' అని రాశాను.

ఫొటో తీసుకుపోయి ఇచ్చాను. యాదగిరి అటు తిప్పి ఇటు తిప్పి "మా ఇల్లే" అన్నాడు. లక్ష్మమ్మ మాత్రం కాసేపు చూసి, "మంచిగనే ఉంది గని సారు, నేను సచ్చినంక దండేస్తరు సూడు, గా ఫోటో లెక్కున్నది" అంది. రోజూ చూసే గుండు కనుక వాళ్ళ కళ్ళు ఫొటోలో లేని దూరాన్ని కూడా కలుపుకుని చూశాయి. ఏ తప్పూ కనబడలేదు. ఆ సాయంత్రమే లక్ష్మమ్మ తమ్ముడు దాన్ని తువ్వాలులో చుట్టుకుని తాండూరు రైలెక్కాడు.

రొట్టె పెట్టని రోజు

వారం ఆగి ఖాజా మియా ఆటోలోనే మళ్ళీ వెళ్ళాను. మిగిలిన గుండ్లు తీయాలని పైకి చెప్పుకున్నా, ఇంట్లో టిఫిను మానేసి బయల్దేరానంటే కారణం వేరే ఉంది. ఈసారి లక్ష్మమ్మ మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది. శీను కొట్టంలో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. యాదగిరి గొంతు సవరించుకున్నాడు.

"సారు, ఫికర్ జేస్కోకుండ్రి. ఒక మాట జెప్త. సంబంధం ఆగిపోయింది."

"ఎందుకని?"

"ముసలామె మీ ఫోటో పట్టుకొని గడప మీద కూసొని ఏడ్చిందంట. పిల్లను గుండు కింద పెట్టి సంపుతార్రా అన్నదంట."

"మబ్బు పట్టింది, ఉరుములొస్తున్నయి, గుండు ఇయ్యాలనో రేపో పడెతట్టున్నది" అని లక్ష్మమ్మ అందుకుంది. "గీ ముగ్గురేమో పండ్లు బయటవెట్టి నవ్వుకుంట నిలబడ్డరు, వీళ్ళకు బుద్ధి గిట్ల ఉన్నదా అన్నదంట. మేం ఎందుకు నవ్వినం సారు? మీరు నవ్వమంటేనే గదా."

లెన్సు ఎలా పని చేస్తుందో చేతులు తిప్పుతూ చెప్పాను. దూరాన ఉన్నది దగ్గరగా వస్తుందన్నాను. ఖాజా మియా శ్రద్ధగా విని "అంటే, కెమెరా ఝూట్ బోల్తా" అన్నాడు. కాదు, ఒక కోణంలోంచి చూస్తే అది నిజమే అన్నాను. "ఏ కోణం సాబ్? తాండూరు కోణంల నుంచి సూస్తే మా శీను పెండ్లి పోయింది గదా."

అప్పుడు కొట్టంలోంచి, ఇటు తిరగకుండానే శీను అన్నాడు: "నాకు గా పిల్లనే గావాలె."

బర్రె ఒకటి తోక ఆడించింది.

ఇంకో ఫొటో తీసి పంపుతానన్నాను. యాదగిరి మర్యాదగా వద్దన్నాడు. ఖాజా మియానే దారి చెప్పాడు. "ఫోటో కాదు భాయ్, ముసలమ్మనే తీస్కరండి. ఇంటిని సూపియ్యండి. నాంపల్లి స్టేషన్ కెళ్ళి నా ఆటోల తెస్త, మోకాళ్ళకు దెబ్బ తగలకుండ." పిల్ల తండ్రి నర్సింలుకి శీను నచ్చాడు కనుక ఫోనులో ఒప్పుకున్నాడు. తల్లిని ఎలా ఒప్పించాడో నాకు తెలియదు.

నాంపల్లి నుంచి

తప్పు నాది కనుక స్టేషనుకి నేనే వెళతానన్నాను. ఖాజా మియా నన్ను 'మలక్‌పేట సారు' అని మాత్రం పరిచయం చేశాడు. అవ్వ బక్కపలచటి మనిషి, చేతిలో కర్ర, చంకలో తువ్వాలు చుట్టిన నా ఫొటో. ఒక పక్క కొడుకు, ఇంకో పక్క నేను కూర్చున్నాం.

"మా తాండూరుల రాయి పండుకొని ఉంటది" అని మొదలుపెట్టింది. "ఇంట్ల పరుస్తం, దాని మీద నడుస్తం, కూసొని తింటం. రాయి నిలబడుడేంది, మనిషి నెత్తిమీద?"

"నిజమేనమ్మా" అన్నాను.

"గా ఫోటో దీసినోడు ఎవడో గని, గుండు పడెతట్టున్నదని కండ్లకు అగుపడ్తలేదా వానికి? జరుగుండ్రి అని ఒక్క మాట జెప్పకుంట నవ్వుండ్రి అంటడా? వానికి పెండ్లాం పిల్లలున్నరా?"

నేను బయటికి చూశాను. ఖాజా మియా అద్దంలోంచి నన్ను చూస్తూ "ఉన్నరమ్మా, మంచి ఫ్యామిలీ" అన్నాడు. అవ్వ నయాపూల్ దాకా ఆ ఫొటోగ్రాఫరు చేతుల గురించి, అక్కడి నుంచి వాడి కళ్ళ గురించి మాట్లాడింది. ఖాజా మియా ఆ రోజు ఎందుకో ఆటో చాలా మెల్లగా నడిపాడు.

గుండు ఏది?

ఇంటి ముందు దిగగానే అవ్వ తల పైకెత్తింది. పెంకుల మీద ఆకాశం, ఆకాశంలో ఒక గద్ద. ఇంకేమీ లేవు.

"గుండు ఏది?"

యాదగిరి ఇంటి వెనక్కి తీసుకుపోయి, నాలా అవతల, మైదానం అవతల, గుట్ట మీద ఎండలో ఉన్న గుండును చూపించాడు. అవ్వ తువ్వాలు విప్పి ఫొటో చూసింది. మళ్ళీ గుట్టను చూసింది.

"గది గాదు. ఫోటోల గుండు యాడ దాచిండ్రు?"

"దాచుడేందవ్వా, గదే ఇది."

"నర్సింలూ, మనల్ని వేరే ఇంటికి తెచ్చిండ్రురా వీళ్ళు."

గుండును దాచలేమని నర్సింలు నచ్చజెప్పబోయాడు. తలుపు చూపించారు, బర్రెను చూపించారు, లక్ష్మమ్మ అదే ఎర్ర చీర తెచ్చి చూపించింది. ఫొటోలో చీర తెల్లగా ఉందని అవ్వ అనుమానం ఇంకా పెరిగింది. ఇక దాక్కుని లాభం లేదు. సంచీలోంచి కెమెరా తీసి, పొడుగు లెన్సు బిగించి, స్టాండు మీద పెట్టాను. "అమ్మా, ఒక కన్ను మూసి ఇందులోంచి చూడండి."

ముందు రెండు కళ్ళూ మూసింది. తర్వాత ఒకటి తెరిచింది. వెంటనే కర్ర ఎత్తి వెనక్కి జరిగింది.

"వచ్చె."

కెమెరా పక్కనుంచి తల వంచి గుట్టను చూసింది. "పోయె." మళ్ళీ కన్ను పెట్టింది. "వచ్చె. పోయె." ఈ రాకపోకలు చాలాసేపు సాగాయి. తర్వాత గొట్టం పట్టుకుని తానే మెల్లగా పక్కకు తిప్పింది. కొట్టం దగ్గర ఆగింది. అక్కడ శీను ఉన్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని, కాలరు సర్దుకుంటూ, బర్రె చెవి దగ్గర ఏదో గొణుగుతున్నాడు. అవ్వ ఈసారి కన్ను తీయలేదు.

"పోరడు మస్తు భయపడ్తుండు" అంది చివరికి. "పెదవులు వణుకుతున్నయి." ఇంకాసేపు చూసి, "నడువుండ్రి, గుండు కాడికి పోదాం."

మోకాళ్ళ నొప్పులని అందరం వద్దన్నాం. వినలేదు. లక్ష్మమ్మ వెనకాల పీట పట్టుకుని నడిచింది. నాలా మీద బండ దగ్గర ఒకసారి కూర్చుంది. మైదానం మధ్యలో కూర్చుంది. తుమ్మచెట్టు దగ్గర కూర్చుని నీళ్ళు తాగింది. గుట్ట మొదట్లో శీను రెక్క పట్టుకుని ఎక్కింది. గుండుకి చెయ్యి ఆనించి, ఆయాసం తీరాక, వెనక్కి తిరిగి ఇంటివైపు చూసింది. పెంకుటిల్లు అగ్గిపెట్టెంత ఉంది.

"నా మోకాళ్ళు అరిగిపోయె గింత దూరం వచ్చేసరికి. గిది పోయి గా ఇంటి మీద పడ్తదా?" అని నావైపు తిరిగింది. "నువ్వేనా గా ఫోటో దీసింది?"

"నేనేనమ్మా."

"ఆటోల ఎందుకు జెప్పలే?"

"మీరు తిడుతున్నారు కదా అని."

"చెప్తే ఆపుతుంటిననుకున్నవా?"

తాండూరులో చుట్టాలందరూ ఆ ఫొటో చూసేశారు కనుక వాళ్ళ నోరు మూయించడానికి ఇంకోటి కావాలంది. గొట్టం లెన్సు వద్దు, ఎర్ర అద్దం వద్దు. పీట మీద కూర్చుని గుండు మీద అరచెయ్యి పెట్టుకుంది. "పడేదైతే నా మీదనే పడ్తది. తియ్యి." వెనకాల యాదగిరి, లక్ష్మమ్మ, నర్సింలు, శీను నిలబడ్డారు. ఈసారి ఎవరినీ నవ్వమనలేదు. అయినా నవ్వారు. కలరు లేదని చెబితే అవ్వ సరేలే అంది. మిట్టమధ్యాహ్నం ఎండ, ముఖాల మీద నీడ లేదు, ఆకాశం వట్టి తెలుపు, గుండు ఇడ్లీ.

నేను తీసినవాటిలో అంత చప్పటి ఫొటో ఇంకొకటి లేదు. ఒక ఇంటి గోడకి ఎక్కిన నా ఫొటో కూడా అదొక్కటే. తాండూరులో ఉంది.

పెళ్ళి

శుభలేఖ ఖాజా మియా తెచ్చాడు. దాంతోపాటు కాగితంలో చుట్టిన నా నల్ల చట్రం ఫొటో కూడా తిరిగొచ్చింది. "పెండ్లికి తప్పక రావాలంట సాబ్. మేడంను కూడ తేవాలంట. కెమెరా మాత్రం ఇంట్లనే పెట్టి రమ్మన్నరు. ముసలమ్మ మాట."

కెమెరా ఇంట్లోనే పెట్టి వెళ్ళాం. యాదగిరి ఇంటి ముందు పందిట్లో శీను బాసికం కట్టుకుని కూర్చున్నాడు. ఈసారి పెదవులు వణకడం లెన్సు లేకుండానే కనబడుతోంది. అవ్వ నన్ను చూసి, ముందు నా భుజానికి సంచీ లేదని చూసుకుని, ఆ తర్వాతే కూర్చోమంది. పుంటికూర మళ్ళీ వడ్డించారు.

భోజనాలయ్యాక మా ఆవిడ పందిరి బయట నిలబడి తల పైకెత్తి పెంకుల వైపు వెతుకుతోంది. "ఏదండీ ఆ గుండు?" అంది. నాలా అవతలికి, మైదానం అవతలికి చెయ్యి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, కాళ్ళ నుంచి తల దాకా నన్ను కూడా అంతే శ్రద్ధగా చూసింది.

"మా నాన్నకి పంపిన మీ ఫొటో తీసినవాడు కూడా ఇలాంటివాడే అయ్యుంటాడు" అంది.

గుడివాడ స్టూడియో అతను ఆ రోజు నేను పొడుగ్గా పడాలని కెమెరాని దాదాపు నేలకి ఆనించి తీశాడు. ఆ సంగతి ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.